విడిగా దొరికిన కాయలు

ఆకులమ్మకు ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఆ ఫ్లాట్లలో ఎవరికీ గుర్తులేదు. పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె ఉద్యోగం ఎండిన మొక్కలను అట్టల మీద అంటించడం. కాలేజీ రెండో అంతస్తులో, పురుగు పడుతుందని ఏడాది పొడుగునా కిటికీలు మూసి ఉంచే పెద్ద గది ఒకటుంది. చుట్టూ ఇనప బీరువాలు, వాటి నిండా వేలకొద్దీ అట్టలు, ఒక్కో అట్ట మీద ఒక్కో కొమ్మ. ఎవరో కొండలూ గుట్టలూ తిరిగి కొమ్మలు కోసుకొస్తారు. పాత పేపర్ల మధ్య పెట్టి ఎండబెడతారు. ఆపైన వాటిని జిగురుతో అంటించి, మందపాటి చోట దారంతో కుట్టి, కుడిచేతి మూలన చీటీ రాసి అంటించే పని ఆకులమ్మది.

ఈ ఉద్యోగం గొప్పతనం బయటివాళ్ళకు చెప్పి ఒప్పించడం బ్రహ్మతరం కూడా కాదు. చుట్టాల ఇళ్ళలో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే ఆమె చెప్పేది, వాళ్ళు తలూపేవాళ్ళు, వెంటనే కాఫీ తీసుకుంటారా అనేవాళ్ళు. తమ్ముడి పెళ్ళాం అయితే మొహం మీదే అనేసేది. "ఎండుగడ్డికి జీతమిచ్చే ఆఫీసు మా వదినకే దొరికింది" అని నవ్వేది. అందులో చెడు ఉద్దేశమేమీ లేదు, మరదలి నోటికి జల్లెడ లేదంతే. కానీ ఆకులమ్మకు ఆ మాట ప్రతిసారీ చురుక్కుమనేది. పెళ్ళీ పెటాకులూ లేకుండా యాభై మూడేళ్ళు వచ్చిన మనిషికి చెప్పుకోవడానికి ఉన్నది ఆ గది ఒక్కటే.

మరదలు కింది ఫ్లాటులో ఉంటుంది. తమ్ముడు గూడ్సు రైలు గార్డు, వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే. మరదలు రెండు వీధుల అవతల పసిపిల్లల బడిలో వంటమనిషి. రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు యాభై నాలుగు మంది, వాళ్ళకు పొద్దున పదింటికి బ్రెడ్డూ జామూ, మధ్యాహ్నం భోజనం ఆమే చూసుకుంటుంది.

ఆ ఆదివారం సాయంత్రం ఆమె పైకొచ్చింది. ఒక చేతిలో తుండుగుడ్డ కప్పిన బకెట్టు, ఇంకో చేతిలో ఒక కొమ్మ.

"వదినా, ఇదేంటో కాస్త చూసి చెప్పరూ?"

తుండు తీసి చూపించింది. బకెట్టులో సగానికి నీలం కాయలు. దుకాణాల్లో చిన్న చిన్న డబ్బాల్లో పెట్టి బంగారం ధరకు అమ్మే కాయల్లాంటివే. గుండ్రంగా, మీద పౌడరు అద్దినట్టు తెల్లటి పొర. వేలితో రుద్దితే నిగనిగలాడుతున్నాయి. చూస్తేనే నోట్లో వేసుకోవాలనిపించేలా ఉన్నాయి.

"మన వెనకాల చిట్టడవిలో విరగకాసి ఉన్నాయి. నీళ్ళ పంపు గది దాటాక. జామ్ చేద్దామని కోసుకొచ్చా. ముందు మిమ్మల్ని అడుగుదామని."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఆమె పనికి సంబంధించిన మాట అడగడం అదే మొదలు. ఆకులమ్మ లోపల పొంగిపోయింది. పైకి మాత్రం అదేం పెద్ద విషయం కానట్టు, కళ్ళజోడు పెట్టుకుని, కొమ్మను దీపం కిందకి తెచ్చింది. మందపాటి ఆకు, మెరుపు, ఎదురెదురుగా రెండేసి, ఈనెలు కనిపించీ కనిపించనట్టు. నలిపి వాసన చూసింది. ఏ వాసనా లేదు. ఈ పొద ఆమెకు అరచేతి గీతల కన్నా బాగా తెలుసు. ఏడో బీరువాలో దీనివే నలభై రెండు అట్టలున్నాయి. అందులో ముప్పై దాకా ఆమె చేత్తో అంటించినవే.

"నీలికాయ పొద. ఎక్కడినుంచో తెచ్చి నాటింది కాదు, ఈ అడవుల్లో మొదటి నుంచీ ఉన్నదే. ఏ కాలంలోనూ ఆకు రాల్చదు. కాయ కాస్త వగరు, ముగ్గితే తీపి. పక్షులు తింటాయి, మనుషులూ తింటారు. నిక్షేపంగా చేసుకో."

"పిల్లలకి పెట్టొచ్చా?"

"పిల్లలకు మరీ మంచిది."

ఆ చివరి మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. ఏ అట్ట మీదా అలా రాసి లేదు. అడిగినవాళ్ళుంటే చెప్పేవాళ్ళకు ఊపొస్తుంది, అంతే. మొత్తం కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. మరదలు కళ్ళింత చేసుకుని "ఆకు చూసి ఇట్టే చెప్పేశారే" అంది. ఆ రాత్రి ఆకులమ్మ హాయిగా నిద్రపోయింది.

కొమ్మనూ, దాంతోపాటు ఓ పది కాయల్నీ ఉంచేసుకుంది. దాన్ని అట్ట ఎక్కించి, సేకరించినవారు అన్నచోట మరదలి పేరు రాయాలని ఆమె ఆశ. ఆ చీటీ ఫోటో తీసి చూపిస్తే మరదలు మళ్ళీ జన్మలో ఎండుగడ్డి అనదు.

సోమవారం పొద్దున తొమ్మిది కొట్టకముందే ఆఫీసు తాళం తీసింది. పై అధికారి పదకొండుకు గానీ రాడు. కొమ్మను పేపరు మధ్య సర్ది, బరువు పెట్టి, చీటీ రాసింది. తరువాత కాయలకు పొట్లం మడిచింది. కొమ్మ నుంచి ఊడిపోయిన గింజలూ పూలూ కాయలూ చిన్న కాగితం పొట్లంలో వేసి అట్ట మూలన అంటించడం ఆ గదిలో పద్ధతి. పొట్లం మీద ఒక మాట రాయాలి. ఆమెకు పని నేర్పిన పాత అధికారి దగ్గర ఈ ఒక్క విషయంలో మాత్రం దయాదాక్షిణ్యాలుండేవి కావు. కొమ్మకు అంటుకుని ఉన్నదే కొమ్మది, ఊడి వచ్చింది ఎవరిదో నీకు తెలియదు, తెలియదని రాయి అనేవాడు. అలా రాసి రాసి ఆమె చెయ్యి చూడకుండానే రాస్తుంది. "విడిగా దొరికినవి. ఈ కొమ్మవేనని నిర్ధారణ కాలేదు."

విడిగా దొరికినవి, అని రాసింది. ఈ కొమ్మవేనని, అని రాసింది. పెన్ను అక్కడ ఆగింది.

కొమ్మ వైపు చూసింది. కొమ్మ మీద ఒక్క కాయ లేదు. కాయ ఊడిన తొడిమ లేదు. తొడిమ ఊడిన మచ్చ కూడా లేదు. నిన్న మరదలు తెచ్చింది ఒక చేత్తో కాయలు, ఒక చేత్తో కొమ్మ. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండగా ఆమె చూడలేదు. ఆకు చూసి కాయ పేరు చెప్పింది.

ఏం కాదులే, ఏం కాదులే అనుకుంటూ ఏడో బీరువా తెరిచి మూడు అట్టలు తీసింది. పొద కాయలకు కింది కొసన చిన్న అంచు ఉంటుంది, పువ్వు కూర్చున్న చోటు, బొడ్డు చుట్టూ గోడ కట్టినట్టు. ఆ అంచు పాత అట్టల మీద ఎండిన కాయలకు కూడా స్పష్టంగా ఉంది. ఆమె పొట్లంలోని కాయను వేళ్ళ మధ్య తిప్పింది. నున్నగా ఉంది. ఇంకోటి తిప్పింది. అదీ నున్నగానే ఉంది. పదింటినీ తిప్పి చూసింది.

బ్లేడుతో ఒకటి కోసింది. పొద గింజ గుండ్రంగా బఠాణీలా ఉండాలి. ఇందులో గింజ వంకర తిరిగి ఉంది, గుర్రం నాడాలా. అలాంటి గింజ ఏ పొదకూ ఉండదు. అది ఒక రకం తీగల గింజ. ఆ తీగలు ఉండే బీరువా తలుపు మీద ఎర్ర సిరాతో చిన్న గుర్తు ఉంటుంది, ముట్టుకున్నాక చేతులు కడుక్కోమని.

గోడ మీద గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. పదింటికి బ్రెడ్డూ జామూ. పిల్లలకు మరీ మంచిది.

మరదలికి ఫోన్ చేసింది. మోగింది, మోగి ఆగిపోయింది. వంటగదిలోకి వెళ్ళేముందు ఫోన్లు లాకరులో పెట్టాలని ఆ బడిలో రూలు. మరదలే ఎన్నోసార్లు విసుక్కుంటూ చెప్పింది. బడి నంబరుకు చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. సోమవారం పొద్దున యాభై నాలుగు మంది తల్లుల్లో సగం మంది మా పిల్లాడికి జలుబు, మా పాపకు దగ్గు అని ఫోన్లు చేస్తుంటారు. ఆమె కాయల పొట్లం, బ్లేడు, మొక్కలను గుర్తుపట్టే పుస్తకం సంచిలో కుక్కుకుని, గదికి తాళం కూడా వేయకుండా మెట్లు దిగింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ తలుపు తీసి వదిలేయడం అదే మొదలు.

టాక్సీ దొరికేసరికి తొమ్మిదీ నలభై. బడి పేరు చెప్పి త్వరగా పోనివ్వమంది. డ్రైవరు అద్దంలో ఆమె మొహం చూశాడు.

"ఎవరికైనా బాగోలేదా అమ్మా?"

"ఇంకా లేదు" అంది ఆకులమ్మ. ఆ జవాబుకు డ్రైవరు గేరు మార్చాడు.

దారి పొడుగునా ఆమె ఫోన్ చెవి నుంచి దించలేదు. రెండుసార్లు వేరే నంబరు నొక్కింది. ఒక సిగ్నలు దగ్గర రోడ్డు దాటుతున్న స్కూలు పిల్లల్ని చూసి కళ్ళు మూసుకుంది. మూసుకుంటే ఇంకా ఘోరంగా ఉంది. చిన్న చిన్న ప్లేట్లు కనిపిస్తున్నాయి. రెండేళ్ళ పిల్లకు ఎన్ని కాయలు చాలు? ఒక చెంచాలో ఎన్ని పడతాయి? ఆ లెక్క మనసులోకి రాకుండా ఉండడానికి ఆమె సీటు మీద తోలు కుట్లు లెక్కపెట్టింది. ఎవరో అన్నట్టు కాదు, నేనే అన్నాను, నా నోటితో నేనే అన్నాను అని పైకే గొణిగింది. డ్రైవరు సిగ్నలు పడకముందే బండి దూకించాడు.

బడి గేటు దగ్గర దిగేసరికి పదీ ఎనిమిది. వరండాలో బొటనవేలంత బూట్లు వరసగా ఉన్నాయి. లోపలి నుంచి పిల్లల గోల వినిపించింది. గోల ఉందంటే మంచిదే అనుకుంది, మళ్ళీ అంతలోనే మంచిదని ఎలా తెలుసు అనుకుంది. పెద్ద గదిలో మోకాలెత్తు బల్లల చుట్టూ పిల్లలు కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లో బ్రెడ్డు ముక్కలు. మూతుల నిండా జాము.

ఆకులమ్మ ఏం చేస్తోందో ఆమెకే తెలియలేదు. దగ్గరున్న పాప చేతిలో ముక్క లాక్కుంది. పక్కవాడిది లాక్కుంది. "ఉమ్మెయ్యండి, అందరూ ఉమ్మెయ్యండి" అంటోంది. పాప ఏడుపు అందుకుంది, పాపను చూసి బల్లంతా అందుకుంది. బడి పెద్ద టీచరు పరుగున వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది.

"ఏమిటండీ ఇది? ఎవరు మీరు?"

"ఆ జాము విషం. నీలం కాయలు. మా మరదలు చేసింది."

టీచరు ఆమె చేతిలోని బ్రెడ్డు ముక్క ఆమెకే చూపించింది. జాము ఎర్రగా ఉంది. కొన్నదే, దుకాణం డబ్బాలోది. ఆకులమ్మ ఆ ఎరుపు వైపు అలా చూస్తూ ఉండిపోయింది.

"మీ మరదలు కొత్త సీసా తెచ్చిన మాట నిజమే. అల్మరాలో పెట్టింది. రేపటికి అంది. కొత్తది ఏదైనా ముందు తను తింటుంది, ఒక రోజు ఆగుతుంది, అప్పుడే పిల్లలకు పెడుతుంది. పదేళ్ళుగా అంతే. మేము చెప్పింది కాదు, ఆవిడ పెట్టుకున్న పద్ధతి."

ఆకులమ్మ అక్కడే పిల్లల చిన్న కుర్చీలో కూలబడింది. యాభై నాలుగు మంది. యాభై నాలుగు మందీ ఏడుస్తున్నారు, ఆ ఏడుపు ఆమె చెవులకు పాటలా ఉంది. మరదలు నా మాట నమ్మలేదు అనుకుంది. నమ్మలేదు, ఎంత మంచిపని చేసింది, ఎండుగడ్డి మనిషి మాట నమ్మకపోవడం ఎంత మంచిదైంది. నవ్వొచ్చింది, కళ్ళ వెంట నీళ్ళూ వచ్చాయి.

అప్పుడు టీచరు మాటలో మిగిలిన సగం ఆమె బుర్రకెక్కింది. ముందు తను తింటుంది.

"తనెక్కడ?"

"కాస్త నలతగా ఉందని స్టోరుగదిలో కూర్చుంది."

స్టోరుగదిలో మరదలు పిండి బస్తాకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. పక్కన ప్లాస్టిక్ బకెట్టు. మొహం పాలిపోయి, నుదుటి మీద జుట్టు చెమటకు అంటుకుపోయి ఉంది. ఆకులమ్మను చూసి లేవబోయింది, లేవలేకపోయింది.

"మీరెందుకొచ్చారు వదినా? ఆఫీసు లేదా?"

మాట ముద్దగా వస్తోంది, నాలుక మందమైనట్టు.

"ఎంత తిన్నావు?"

"నాలుగు చెంచాలు. రాత్రి. తెల్లారగట్ల నుంచి కడుపులో తిప్పుతోంది. రాత్రి వంకాయ పడలేదేమో."

వంకాయ మీదకు తోసింది తప్ప, మరదలి చూపులో కాయల మీద చిన్న అనుమానం కూడా లేదు. ఆకులమ్మ ఆ చూపు తప్పించి అల్మరాలో సీసా కోసం చెయ్యి చాచింది. బకెట్టు కాయలకు ఒకటే పెద్ద సీసా అయింది, మరదలే చెప్పింది. అది తప్ప ఇంకెక్కడా లేదు. సీసాను ఆమె తన సంచిలో పెట్టుకుంది.

ఆసుపత్రిలో అత్యవసర విభాగం డాక్టరు ముప్పై ఏళ్ళు కూడా లేని అమ్మాయి. నాడి చూసింది, కనుపాపల్లోకి లైటు వేసి చూసింది, ఛాతీకి వైర్లు అంటించి మెషీను పెట్టింది. మెషీను మీద గీత పరుగెత్తి, తడబడి, మళ్ళీ పరుగెత్తుతోంది. ఆ తడబాటు చూసి డాక్టరు పెదవి బిగించింది.

"ఏం తిన్నారు?"

"మా వదినకు తెలుసు" అంది మరదలు మంచం మీద నుంచి. "ముప్పై ఏళ్ళ నుంచి మొక్కల మధ్యే పనిచేస్తోంది. అడగండి, ఇట్టే చెప్పేస్తుంది."

డాక్టరూ నర్సూ ఇద్దరూ ఆకులమ్మ వైపు తిరిగారు. ఆమె సంచి తెరిచి కాయల పొట్లం, కోసిన గింజ బయట పెట్టింది. ఆ తీగల్లో రెండు రకాలు ఈ చుట్టుపక్కల పెరుగుతాయి. ఒకటి కడుపును మెలిపెట్టి వదిలేస్తుంది. రెండోది గుండె మీదకు పోతుంది. రెండింటి గింజలూ వంకరే. ఏదో ఒకటి చెప్పేస్తే పనైపోతుంది. ఏదో ఒక పేరు నాలుక చివర సిద్ధంగా కూడా ఉంది. నిన్న కూడా అలాగే సిద్ధంగా ఉంది.

"నాకు తెలీదు" అంది.

మరదలు కళ్ళు విప్పి చూసింది.

"నిన్న తెలుసని చెప్పాను. తెలీకుండానే చెప్పాను. ఆకు ఒకదానిది, కాయ ఇంకోదానిది. కాయ చూడలేదు. ఇది తీగ కాయ, రెండింట్లో ఒకటి. ఏదన్నది చెప్పాలంటే తీగ ఆకు చూడాలి. మా ఇంటి వెనకే ఉంది. అరగంటలో చెబుతాను."

"అరగంటలోనే కావాలి" అంది డాక్టరు. "రెండోదైతే మందు వేరు. మొదటిదైతే ఆ మందు ఇవ్వకూడదు. తప్పు చెప్తే రెండు వైపులా ప్రమాదమే. నంబరు రాసుకోండి."

మరదలు గుర్తులు చెప్పింది. నీళ్ళ పంపు గది, పడిపోయిన గోడ, అక్కడి నుంచి కుడికి మూడో పొద. ఆకులమ్మ ఆ మాటలు అరచేతి మీద రాసుకుంది. తన జ్ఞాపకం మీద ఆ రోజు ఆమెకు రవ్వంత కూడా నమ్మకం లేదు.

చిట్టడవిలో మధ్యాహ్నపు ఎండ చెట్ల పైనే ఆగిపోయి, కింద చీకటిగా, చల్లగా ఉంది. ఒకటో పొద, రెండో పొద, మూడో పొద. ముదురు ఆకుపచ్చ, దట్టం, నిలువెత్తు. దాని మధ్యలో నీలం గుత్తులు వేలాడుతున్నాయి. ఎవరైనా సరే, కళ్ళున్నవాళ్ళు ఎవరైనా సరే, ఆ గుత్తులు ఆ పొదవే అనుకుంటారు. ఆమె ఒక గుత్తి పట్టుకుని వెనక్కి వేళ్ళతో తడుముకుంటూ పోయింది. తొడిమ, తొడిమ నుంచి సన్నటి తాడు లాంటి కాడ. ఆ కాడ పొద కొమ్మలోకి పోలేదు. కొమ్మ పక్కనుంచి జారి, ఇంకో కొమ్మను చుట్టి, పైకి పాకి పొద నెత్తిన తన సొంత ఆకులు పరుచుకుంది. కింది నుంచి చూస్తే ఆ ఆకులూ ఈ ఆకులూ ఒక్కలాగే మెరుస్తున్నాయి. పొదకు తన కాయలు ఉన్నాయి, లేకపోలేదు. లోపల, ఆకుల మొదళ్ళలో, పచ్చిగా, గట్టిగా, ఇంకా నెల రోజులకు గానీ ముగ్గనివి. ఒక్కోదానికి బొడ్డు చుట్టూ చిన్న అంచు.

ఆమె తీగను లాగి, ఆకూ కాయా ఒకే కాడకు అంటుకుని ఉన్న ముక్క కోసుకుంది. నేల మీద కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. ఆ పుస్తకంలో మొక్క పేర్లు వెతకడానికి వీల్లేదు. రెండేసి ప్రశ్నలుంటాయి. ఇలా ఉంటే ఇక్కడికి పో, అలా ఉంటే అక్కడికి పో. ఆమెకు సగం ప్రశ్నలు కంఠతా వచ్చు. అయినా ఒకటో ప్రశ్న నుంచి మొదలుపెట్టింది. చెట్టా, పొదా, తీగా. తీగ. ఆకులు ఎదురెదురుగానా, ఒకటి విడిచి ఒకటా. ఒకటి విడిచి ఒకటి. ఫోన్ మోగింది, తమ్ముడు.

"బడివాళ్ళు చెప్పారక్కా. ఏమైంది?"

"అడవి కాయలతో జామ్ చేసింది. మంచి కాయలు కావు."

"ఎవరినీ అడక్కుండా చేసిందా?"

ఒక్క క్షణం ఊరుకుంటే చాలు, తమ్ముడు వాడంతట వాడే అవునని అనుకునేవాడు.

"నన్నడిగింది. తినొచ్చని నేనే చెప్పాను."

"వస్తున్నా" అని పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. ఆమె కళ్ళు తుడుచుకుని పదకొండో ప్రశ్నకు వెళ్ళింది. ఆకు కాడ ఆకు అంచుకు అతుక్కుందా, అంచు నుంచి కాస్త లోపలికి, అడుగు భాగానికి అతుక్కుందా. తిప్పి చూసింది. కళ్ళజోడు తీసి చూసింది. మరో నాలుగు ఆకులు తెంపి చూసింది. ఐదింటికీ కాడ అడుగునే అతుక్కుని ఉంది. అంచుకు అతుక్కుంటే మొదటిది. అడుగున అతుక్కుంటే రెండోది.

ఇలా కాకూడదని ఎంతగానో అనుకుంది. అనుకున్నంత మాత్రాన ఆకు మారదు. డాక్టరుకు ఫోన్ చేసింది.

"రెండోది."

"ఖాయమా?"

"ఐదు ఆకులు చూశాను. ఆకూ కాయా ఒకే కాడ మీద ఉన్నాయి. ఖాయం. తీసుకొస్తున్నాను, మీరూ చూడండి."

"మందు మొదలుపెడుతున్నాను" అంది డాక్టరు.

ఆ పగలూ ఆ సాయంత్రమూ ఆకులమ్మ ఆసుపత్రి వరండాలో బెంచీ అంచున కూర్చుంది. తలుపు అద్దంలోంచి మెషీను మీద గీత కనిపించేది. అది తడబడినప్పుడల్లా ఆమె ఊపిరి ఆపేది, సర్దుకున్నాక వదిలేది. తమ్ముడు చీకటి పడ్డాక వచ్చాడు. ఆమె పక్కనే కూర్చున్నాడు. అన్ని గంటలూ ఆమెను నిలబెట్టింది ఒక్కటే ఆలోచన. మరదలు నా మాట నమ్మలేదు కాబట్టే ముందు తను తింది, అందుకే పిల్లలు బతికారు. నా గొప్ప మాటకు ఆ ఇంట్లో విలువ లేకపోవడమే అందరినీ కాపాడింది. అందులో అవమానం ఉంటే ఉండనీ, దాన్నే ఆమె రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

తెల్లవారాక డాక్టరు వచ్చి గండం గడిచిందని చెప్పింది. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే చెప్పలేకపోయేదాన్నని కూడా చెప్పింది. తమ్ముడు లోపలికి వెళ్ళి వచ్చి, బయటికి పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఆకులమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. మరదలు ఒక్క రాత్రిలో పదేళ్ళు పెద్దదైనట్టు ఉంది. చేతికి సెలైను సూది, పెదవులు ఎండిపోయి పొలుసులు లేచాయి.

"పిల్లలు?" అంది.

"ఒక్కరూ తినలేదు. అందరూ బాగున్నారు."

మరదలు కళ్ళు మూసుకుని తెరిచింది. అప్పుడు ఆకులమ్మ రాత్రంతా కూడబలుక్కున్న మాట చెప్పింది.

"నువ్వు నా మాట నమ్మకపోవడమే మేలైంది అమ్మాయ్. నమ్మి ఉంటే ఏమయ్యేదో. ముందు నువ్వు రుచి చూడబట్టి సరిపోయింది."

మరదలు ఆమె వైపు వింతగా చూసింది, అర్థం కానట్టు.

"నమ్మకపోవడమేంటి వదినా? నమ్మకం లేని వస్తువు నేను నాలుగు చెంచాలు తింటానా?"

"మరి ముందు నువ్వు..."

"తెలీని వస్తువైతే నాలుక చివర ఒక చుక్క వేసుకుని ఊసేస్తాను. చేదుగా ఉంటే పారబోస్తాను. అంతకు మించి నోట్లో పెట్టను, నాకు మాత్రం ప్రాణం తీపి కాదా? మంచిదని తేలాకే చెంచాలు లెక్కపెట్టి తినేది, పిల్లలకి ఎంత పెట్టాలో, ఎవరికైనా పడకపోతే ఎలా ఉంటుందో తెలుస్తుందని." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఇది కొంచెం చేదుగానే ఉంది. మొదటి చెంచాకే అనుకున్నా. మీరు వగరుంటుందన్నారు కదా, అదే కాబోలు అనుకుని మిగతా మూడూ తిన్నాను."

సెలైను చుక్కలు ఒకటొకటిగా పడుతున్నాయి. మరదలు అలసటతో కళ్ళు మూసుకుంది, సూది లేని చెయ్యి మాత్రం దుప్పటి మీద జరుపుకుంటూ వచ్చి వదిన చేతి మీద పెట్టింది.

"మీరు చెప్పారని తిన్నాను వదినా" అంది, అదేదో మామూలు మాటలాగే.